ఓడ కూత

మా ఇంట్లో ఫోను మోగితే ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే మా అత్త నోట్లో పడ్డట్టే. ఊళ్లో మిగతావాళ్లు మాట్లాడుకోవడానికి ఫోన్లు కొనుక్కునేవారు. మాకు మాత్రం అది మోగితే చాలు. ఎన్ని మోతలు మోగిందో విని, ఆగాక ఎవరి పనిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం.

ఈ పద్ధతి పెట్టింది మా ఆయన నిరంజన్. మేనత్త కొడుకు గనక నాకు బావ. విశాఖపట్నంలో ఒక హోటల్లో దుప్పట్లు ఉతుకుతూ ఉతుకుతూ విదేశీ ఓడ ఒకదాని లాండ్రీలోకి వెళ్లాడు. సరుకులు మోసే ఓడ కాదు, డబ్బున్నవాళ్లు సరదాగా తిరగడానికి ఎక్కే ఓడ. అందులో ఈతకొలనులు, సినిమా హాళ్లు ఉంటాయని చెబితే మా అత్త తవిటమ్మ నమ్మింది గానీ, జనం అందులో ఎందుకు ఎక్కుతారన్నది మాత్రం ఆవిడకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు.

"ఎక్కినకాడే మల్లీ దిగుతారా?" అనేది. "అలగైతే ఎక్కడం దేనికే? ఇంటికాడ కూకుంటే పోదా?"

అక్కుపల్లి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకొచ్చే నూకరత్నం ఇంకో మాట కలిపేది. "సేపలు పట్టని ఓడకి అంత సముద్రం ఎందుకే తల్లీ, సెరువులో తిప్పుకోకుండాను."

ఓడ ఎక్కే ముందు బావ మా ఇద్దరినీ కూర్చోబెట్టి బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఓడ రేవులో ఆగిన రోజునే ఫోను తీస్తాడు. ఒక్క మోత మోగి ఆగిపోతే తను బాగున్నట్టు. రెండు మోతలైతే డబ్బు పంపినట్టు. మూడు మోతలైతే ఒడ్డున ఫోను కార్డు కొనుక్కుని టెలిఫోన్ బూత్ నుంచి కాసేపట్లో చేస్తాడన్నమాట, ఆ వచ్చేదొక్కటే ఎత్తాలి. అతని మోత అందాక మేము కూడా తిరిగి చేసి, ఒక్క మోత మోగనిచ్చి కట్ చేయాలి. అప్పుడు మేమూ బాగున్నట్టు అతనికి తెలుస్తుంది. ఈ మోతల్లో ఎవరి కాణీ ఖర్చు కాదు. పొరపాటున ఎవరు ఎత్తినా రోమింగు పడిపోతుంది.

"రేవులో పడేది కొంత నయం గౌరీ," అన్నాడు. "నడిసముద్రంలో ఓడకి సొంత టవరుంటాది. నేల కనపడనికాడ అదొచ్చి ఫోన్ని పట్టుకుంటాది. అది పట్టుకుందంటే నా జీతం దాని నోట్లోకే. అందుకే ఓడ కదిల్తే ఫోను ఆపేత్తాను. నువ్వు సేసినా పలకదు. కంగారు పడకు."

అత్తకు రోమింగు గురించి వేరే చెప్పనక్కర్లేదు. అంతకు ముందు ఏడు ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లి, ఫోను ఒరిస్సా టవరు పట్టిందని తెలియక, వచ్చిన కాల్ ఎత్తి సావకాశంగా మాట్లాడింది. పెళ్లివంటల సంగతి సగంలో ఉండగా ఫోను నోరు మూసుకుంది. అప్పటినుంచి ఆవిడ లెక్కలో రోమింగు అంటే పొలిమేర దాటినవాళ్లను పట్టే గాలి. నడిసముద్రంలో ఇంకా పెద్దది పడుతుందంటే ఇట్టే ఒప్పుకుంది.

"మరి ఒంట్లో బాగోపోతే ఎన్ని మోతలు బావా?" అని అడిగాను నేను.

బావ ఫోను తుడుచుకుంటున్నవాడల్లా నావైపు చూశాడు. "దానికి మోత పెట్టుకుంటామేటే," అన్నాడు. అత్త నన్నొక చూపు చూసింది. ఆ మాట అక్కడితో పోయింది.

నేను చెప్పేది రెండువేల ఎనిమిది జీడి సీజను. మావయ్య పోయాక అది రెండో సీజను. ఇంటింటా కిడ్నీల జబ్బున్న మా ఉద్దానం పల్లెల్లో నడివయసు మగవాడు పోతే ఎలా పోయాడని ఎవరూ అడగరు, ఎన్నాళ్లు పడ్డాడని అడుగుతారు. మావయ్య అప్పలస్వామి చాన్నాళ్లే పడ్డాడు. ఆయనకు డాక్టరు ఉప్పు మాన్పించేశాడు. అత్త మాకు వండే కూర మాకు వండి, ఆయన వంతు వేరేగా ఒక చిన్న సత్తు గిన్నెలో వండేది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టి రోజూ ఒక్క మాటే అనేవాడు. "ఉప్పు మరిసిపోనావే తవిటీ." అత్త రోజూ "రేపేత్తాన్లే" అనేది. దినాలు అయిపోయాక ఆ గిన్నె తోమి అటక మీద బోర్లించింది. కోడిపిల్లలకు నూకలు వేద్దామని నేనొకసారి దించితే, నా చేతిలోంచి లాక్కుని మళ్లీ అక్కడే పెట్టింది. ఎందుకని నేనడగలేదు.

మా ఇంట్లో సిగ్నలు ఉండేది కాదు. తోటలో పనసచెట్టు కొమ్మకు ప్లాస్టిక్ సంచిలో వేలాడదీస్తే రెండు గీతలు వచ్చేవి. సీజనంతా పొద్దు పొడవకముందే తోటకు వెళ్లిపోయేవాళ్లం కనుక ఫోను కూడా మాతోనే వచ్చేది. మొదట దాన్ని కొమ్మకు కట్టి, తర్వాత బుట్టలు దించేవాళ్లం. రాత్రి రాలిన జీడిపండ్లు ఏరడం, పిక్క మెలిపెట్టి తీయడం, పండు పక్కకు విసిరేయడం, మళ్లీ వంగడం. ఇసుక కాలే వేళకు నడుము లేవనని మొరాయించేది. సొన తగిలి వేళ్లు నల్లబడి తొక్క ఊడేది. పలాస కాలేజీలో డిగ్రీ చదివిన వేళ్లు ఇవే అని నాకు నేను గుర్తుచేసుకునే ఓపిక కూడా ఆ సీజనుకు లేకపోయింది.

ఆదివారం నాడు మాత్రం అత్త ఆ పనసచెట్టు చుట్టుపక్కలే ఏరేది. బావ ఓడ ఇటలీ పక్క ఒక రేవులో ఆగే రోజు అది. ఫోను ఒక్క మోత మోగి ఆగగానే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. నేను సంచిలోంచి ఫోను తీసి తిరిగి చేసి, ఆవిడ చెవి దగ్గర పెట్టేదాన్ని. మన ఫోన్ల మోత గుర్రు గుర్రుమని జంటగా వస్తుంది కదా. అటునుంచి వచ్చేది అలా ఉండేది కాదు. ఒకే ఒక్క పొడుగాటి కూత, తర్వాత చాలాసేపు ఖాళీ. ఆ దేశం ఫోన్ల మోత అంతే. అత్త మాత్రం అది బావ ఎక్కిన ఓడ కూత అనుకునేది.

"కూసింది," అనేది తృప్తిగా. నేను కట్ చేసేదాన్ని. ఓడ కాదత్తా, ఫోను అని ఒకసారి చెప్పబోయాను. ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను. వారానికి ఒక కూత ఆవిడ కూలి.

ఉగాది వెళ్లిన తర్వాత ఒక ఆదివారం ఫోను మోగలేదు. ఓడ ఆలస్యమై ఉంటుందనుకున్నాం. తర్వాతి ఆదివారం కూడా మోగలేదు. సాయంత్రం దాకా పిక్కలు తీస్తూ ఉన్నాం, అవి ఎటు పడుతున్నాయో ఇద్దరికీ తెలియలేదు. నేను తిరిగి చేస్తే స్విచాఫ్ అని ఒకమ్మాయి చెప్పింది. అత్త ఫోను లాక్కుని తనూ విని, ఇచ్చేసింది.

"మూడు బాసల్లో సెప్పింది," అంది. "మూడింట్లోనూ లేడనే సెప్పింది."

ఆ వారం ఆవిడ నూకరత్నం దగ్గర చేపలు కొనలేదు. తుపాను కబుర్లు ఏమైనా ఉన్నాయా అని మాత్రం అడిగింది. అక్కుపల్లి సముద్రం నిమ్మళంగా ఉందని నూకరత్నం చెప్పింది. బావ ఉన్న సముద్రం వేరని నేను చెప్పబోతే, "సముద్రాలు రెండేటి?" అని అత్త నన్నే కసిరింది.

ఆదివారం కాదు, వారం మధ్యలో, మేము గంజి తాగుతుండగా కొమ్మ మీద ఫోను మోగింది. ఒక్క మోత. ఆగింది. గంజి గిన్నె ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. సంచి విప్పి, తిరిగి చేసి, అత్త చెవికి ఆనించాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది. కళ్లు తెరిచింది.

"ఓడ కుయ్యలేదే," అంది.

"ఏటత్తా?"

"కుయ్యలేదు. మన ఊరి ఫోన్లాగే గుర్రు గుర్రుమంది."

నేను ఫోను తీసుకున్నాను. అప్పటికి కట్ చేయాల్సిన వేళ దాటిపోయింది. రెండో మోత వినిపించింది. గుర్రు గుర్రు. మా నాన్నకు చేస్తే వినిపించే మోత, కాశీబుగ్గ కొట్టుకు చేస్తే వినిపించే మోత. నా చేతి వేలే కట్ చేసింది. ఇటలీలో ఉన్న ఫోనుకు చేస్తే ఆ మోత రాదు. బావ ఓడ దిగాడు. మన దేశంలోనే ఎక్కడో ఉన్నాడు. ఉండి, ఓడలో ఉన్నట్టే ఒక్క మోత ఇచ్చాడు. ఎక్కడున్నా అతని చేతిలో ఫోను ఒకేలా మోగుతుంది. చేసేవాళ్ల చెవిలో పడే మోత వేరని అతనికి ఎప్పుడూ తెలిసే వీలు లేదు.

అత్త నా ముఖంలోకే చూస్తోంది.

"ఓడ బాగుసేత్తన్నారంట అత్తా. కాలేబన్నయ్య సెప్పాడు మొన్న," అని అప్పటికప్పుడు అల్లాను. "అందుకే కూత మారినట్టుంది."

"ఓహో," అంది అత్త. వంగి పిక్కలు తీయడం మొదలుపెట్టింది.

కాలేబు బావకు చిన్ననాటి స్నేహితుడు. కాశీబుగ్గలో రీచార్జి కొట్టు నడుపుతాడు. బాప్టిస్టు చర్చిలో ఆదివారం పాటలు పాడేది కూడా అతనే. బావ ఫోనుకు ఎప్పుడు డబ్బు వేయాలన్నా అతనే వేస్తాడు. మర్నాడు పిక్కల బస్తాతో ఆటో ఎక్కి, బస్తా దించాక నేరుగా అతని కొట్టుకు వెళ్లాను. అడగాల్సింది దారి పొడుగునా వరసగా పెట్టుకున్నాను గానీ, అక్కడికి వెళ్లాక ఒక్కటే వచ్చింది.

"మా బావ ఎక్కడున్నాడన్నయ్యా?"

కాలేబు కొట్టు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"నేను అబద్ధం ఆడలేదు సెల్లీ," అన్నాడు చివరకు. "నువ్వు అడగలేదు, నేను సెప్పలేదు. ఇప్పుడు అడిగినావు కాబట్టి సెప్పాల."

కూర్చోమని బల్ల చూపించి చెప్పాడు. ఓడ లాండ్రీలో వేడికి బావ ఒకరోజు కళ్లు తిరిగి పడ్డాడట. అక్కడి డాక్టరు రక్తం తీసి చూసి, మర్నాడే రేవులో దింపేసి విమానం ఎక్కించారట. ఇంటికి రావడానికి కాళ్లు రాక విశాఖపట్నంలోనే ఆగిపోయాడు. రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో మళ్లీ దుప్పట్లే ఉతుకుతున్నాడు.

"ఎంతంట?" అన్నాను.

ఉద్దానంలో ఈ మాటకు ఇంకేమీ కలపనక్కర్లేదు. కాలేబు క్రియాటినిన్ అంకె చెప్పాడు. మావయ్యకు మొదట్లో ఉన్నంత లేదు. అలా పోల్చుకుని ఊపిరి పీల్చుకోవడం మాకు ఎప్పుడో అలవాటైపోయింది. ఇప్పుడే చూపించుకుంటే చాలాకాలం నడుస్తుందని డాక్టరు అన్నాడట. బావ మాత్రం ఆ తర్వాత మళ్లీ ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

కొట్టు ముందు జనం, ఆటోలు. నేను రైలుగేటు దగ్గరకు నడిచి, గోడ నీడన నిలబడి, వెంట తెచ్చుకున్న మా ఫోనులో బావ నంబరు నొక్కాను. గుర్రు గుర్రుమని మొదటి మోత మోగింది. కట్ చేయాల్సింది. చేయలేదు. రెండోదీ మోగింది, మూడోదీ మోగింది. మా లెక్కలో మూడు దాటిన మోతకు అర్థమే లేదు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అక్కడ ఆ దుప్పట్ల మధ్య ఫోను చేతిలో పట్టుకుని, ఆగని ఆ మోతను చూస్తూ నిలబడి ఉంటాడని నాకు తెలుసు. నేనెందుకు ఆపడం లేదో అతనికి తెలియకుండా ఉండదు.

ఎత్తాడు. వెనకాల నీళ్ల చప్పుడు.

"ఎత్తీసినావేటి బావా?" అన్నాను. "రోమింగు పడదా?"

రైలుగేటు పడింది. ఒక గూడ్సు బండి వచ్చి, మొత్తం దాటిపోయింది.

"పడదులే గౌరీ," అన్నాడు.

నేను తిట్టాలనే చేశాను. ఆ గొంతు విన్నాక తిట్లు రాలేదు. అమ్మకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. చెప్పొద్దన్నాడు.

"సెప్తే ఆ గిన్నె దించుతాది," అన్నాడు. "నాన్న గిన్నె. అమ్మ మల్లీ దాన్ని పొయ్యి మీద పెట్టడం నేను సూడలేనే."

"అక్కడ లాడ్జిలో నీ ఉప్పు ఎవులు సూత్తన్నారు?"

కుళాయి కట్టేసినట్టున్నాడు, నీళ్ల చప్పుడు ఆగింది.

"వచ్చీయి బావా," అన్నాను. "గిన్నె సంగతి తర్వాత."

సరేనన్నాడు. పలాసలో దిగితే తెలిసినవాళ్లు చుట్టుముడతారు, సుమ్మాదేవిలో దిగుతానన్నాడు. అక్కడ పాసింజరు తప్ప ఏదీ ఆగదు. దిగేవాళ్లూ తక్కువ, అడిగేవాళ్లూ తక్కువ.

ఇంటికి వెళ్లి అత్తతో, ఓడ బాగుచేస్తున్నారు కదా, బావకు సెలవిచ్చారట, వస్తున్నాడు అని చెప్పాను. ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "రానీ," అంది. "ఏ బండికి?" అని అడిగింది. అతను వచ్చే రోజు మోకాలు నొప్పి, తోటకు రానంది. ఆవిడ సీజనులో తోట మానడం మావయ్య పోయిన నాడు తప్ప నేను చూడలేదు. కొడుకు కోసం చేపల పులుసు పెట్టుకుంటుంది కాబోలనుకున్నాను.

సుమ్మాదేవి స్టేషనులో పాసింజరు ఆగీ ఆగనట్టు ఆగింది. బావ చివరి పెట్టెలోంచి దిగాడు. ఓడవాళ్లిచ్చిన చక్రాల పెట్టె, దాని పిడికి ఏదో రేవు పేరున్న కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. బూట్లు చేతిలో ఉన్నాయి. కాళ్లకు రబ్బరు చెప్పులు. పాదాలు ఉబ్బి చెప్పు పట్టీ ఒరుసుకుంటోంది. నేను చూశానని గమనించి, "రైల్లో కూకుంటే అలగే అవుతాది," అన్నాడు. నేను అవునన్నాను. ఆ పక్క ఎవరూ వినకపోయినా మేమిద్దరం అలాగే మాట్లాడుకున్నాం.

ఎండ మండిపోతోంది. దారిలో ఆటో ఆపి ఆటో అతను కొబ్బరి బొండాలు కొట్టించబోయాడు. మావయ్యకు డాక్టరు ఉప్పుతోపాటు మాన్పించింది అదే; బావ తనకు వద్దన్నాడు. ఉద్దానంలో పుట్టి, ఆ ఎండలో బొండాం వద్దన్నవాణ్ని చూశాక ఆటో అతను ఇంకేమీ అడగలేదు. తన బొండాం కూడా తాగకుండా వచ్చి కూర్చున్నాడు. అక్కడినుంచి గతుకు వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మది చేశాడు. బావ తోటలవైపు చూస్తూ ఈ ఏడు కాపు ఎలాగుందని అడిగాడు. బాగుందన్నాను. నీ వేళ్లు చూస్తే తెలుస్తోందన్నాడు.

"అమ్మతో నేనే సెప్తాను," అన్నాడు ఊరి మలుపు దగ్గర. "నాలుగు రోజులు పోనీ. ముందు మామూలుగా తిననీ."

అత్త వాకిట్లో నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. కొడుకును కౌగిలించుకునే మనిషి కాదు. పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది, పాదాల దగ్గర చూపు ఆపకుండా.

"కాళ్లు కడుక్కోరా. అన్నం సల్లారిపోతాది," అంది.

నేను పెట్టె లోపల పెడదామని వెళ్లాను. వంటింట్లో పొయ్యి మీద మా కూర దాక ఉంది. దాని పక్కనే, తళతళా తోమిన చిన్న సత్తు గిన్నె. మూత సందులోంచి ఆవిరి వస్తోంది. అటక మీద దాని చోటు గుండ్రంగా, దుమ్ము లేకుండా ఉంది.

వెనక అత్త వచ్చి నిలబడింది. నేను తిరిగి చూడలేదు.

"ఓడ కుయ్యని నాడే అనుకున్నానే," అంది మెల్లగా. "బాగుసేత్తే కూత మారిపోతాదేటి? ఒంట్లో బాగుంటే ఓడ దిగినోడు ఇంటికి రాకుండా ఉంటాడేటి? నాకు సెప్పినావు, నేను ఇన్నాను."

గిన్నె మసిగుడ్డతో పట్టుకుని, నన్ను దాటుకుని వెళ్లింది.

బావ పీట మీద కూర్చున్నాడు. గిన్నెను దూరం నుంచే చూశాడు. లేవబోయినట్టు చేతులు నేలకు ఆనించాడు, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అత్త ఏమీ చూడనట్టు వంగి అన్నం పెట్టింది. గిన్నెలోంచి బీరకాయ కూర వేసింది. విసనకర్ర తీసుకుని ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మావయ్య రోజూ అనే మాట ఇప్పుడు ఈ నోట్లోంచి ఎక్కడ వస్తుందోనని అతని పెదాల వైపే చూశాను. అత్త విసనకర్ర కూడా ఆగింది.

బావ కలుపుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"ఇంకొంచెం ఎయ్యే అమ్మా," అన్నాడు.

అత్త గిన్నె ఒంపింది. ఉప్పు మాట ఎవరూ ఎత్తలేదు.